ఎన్టీ రామారావు: గొంతు, పాలన, నంద్యాల సీమ

నందమూరి తారక రామారావు (1923–1996) తెలుగు సినిమా కథానాయకుడు, తెలుగుదేశం పార్టీ వ్యవస్థాపకుడు. 1983 నుంచి 1995 మధ్య మూడు విడతలు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆయన రాజకీయ జీవితాన్ని వివరించేవాళ్లు రెండు మాటలతో సరిపెట్టడం మామూలయింది: తెర మీద సంపాదించిన ఆకర్షణ ఒకటి, కిలో రెండు రూపాయల బియ్యం ఇంకొకటి. రెండూ నిజమే. కానీ ఆ రెంటినీ కలిపే అసలు సంగతి ఆయన మాట్లాడిన తీరులో ఉంది. అంతవరకు నాయకుడికీ ఓటరుకూ మధ్య ఊరి పెద్ద, కరణం, కులపెద్ద, కాంట్రాక్టరు నిలబడేవారు. రామారావు గొంతు వాళ్లందరి తలల మీదుగా పోయి నేరుగా వినేవాడి చెవిన పడింది. ముఖ్యమంత్రి అయ్యాక చేసిన పనుల్లో నిలిచినవి ఆ నేరు సంబంధాన్ని చట్టంగానో కచేరీగానో మార్చినవే. కూలినవి ఆ పని జరగని చోట కూలాయి. ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఆయన పుట్టిన కృష్ణా జిల్లా కంటే నంద్యాల, ఆళ్లగడ్డ, బండి ఆత్మకూరు ప్రాంతం మంచి గీటురాయి. ఇక్కడ ఆయనకు కులబలం లేదు, బంధుబలగం లేదు. ఉన్నది గొంతు ఒక్కటే.

నిమ్మకూరులో 1923 మే 28న పుట్టిన రామారావు బెజవాడ కాలేజీలో చదివేటప్పుడు అక్కడ తెలుగు చెప్పింది విశ్వనాథ సత్యనారాయణ. సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం కొద్ది రోజుల్లోనే వదిలి మద్రాసు వెళ్లారు. 1949లో వచ్చిన ‘మనదేశం’ ఆయన తొలి సినిమా. తరువాతి మూడు దశాబ్దాల్లో చేసిన సుమారు మూడు వందల చిత్రాల్లో ఆయన గొంతుకు బడి అనదగ్గవి పౌరాణికాలే. 1957 నాటి ‘మాయాబజార్’లో కృష్ణుడిగా తక్కువ మాట్లాడి ఎక్కువ చెప్పడం నేర్చారు. 1977లో స్వయంగా తీసిన ‘దానవీరశూర కర్ణ’లో దుర్యోధనుడిగా నిమిషాల తరబడి సాగే వాక్యాన్ని ఊపిరి తెగకుండా నడిపారు. ఆ సంభాషణలు రాసింది కొండవీటి వెంకటకవి. దీన్నిబట్టి, పరాయివాళ్లు రాసిచ్చింది చదవడమే తప్ప ఆయన సొంత వక్తృత్వం ఏముందని అడిగినవాళ్లున్నారు. పద్యనాటకం సంగతి తెలిసినవాళ్లు ఈ ప్రశ్న వేయరు. నంద్యాల చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్ల రాత్రి కురుక్షేత్రం ఆడితే పద్యం ఎవరిదన్నది జనం పట్టించుకోరు. ఆ రాగం, ఆ విరుపు, గదిలో కాకుండా ఆరుబయట కడవరుసలో కూర్చున్న మనిషికి అందేలా మాటను విసరడం నటుడి సొంతం. రామారావు సభలకు తెచ్చుకున్న సొత్తు అదే. దానికి ఇంకొకటి తోడయింది. 1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం, 1977 దివిసీమ ఉప్పెన తరువాత ఆయన విరాళాలకు ఊరూరా తిరిగారు. రాజకీయాల్లోకి రావడానికి ముప్పయ్యేళ్ల ముందే సీమ కరువు పేరు చెప్పి జనం ముందు చేయి చాచిన మనిషి ఆయన.

1982 మార్చి 29న హైదరాబాదులో పార్టీ ప్రకటించినప్పుడు ఆయనకు అరవై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. రాష్ట్రంలో 1978 నుంచి 1983 లోపు కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అంజయ్యకు జరిగిన అవమానం ప్రతి ఇంట్లోనూ మాట్లాడుకున్న విషయం. రామారావు దానికి ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అని పేరు పెట్టారు. పాత షెవర్లే వ్యాను మీద తొమ్మిది నెలలు తిరిగారు. కొడుకు హరికృష్ణ బండి నడిపేవారు. చైతన్యరథం అన్న ఆ బండి పైనే సభ, దాని పక్కనే స్నానం, భోజనం. ఈ ఏర్పాటులో ఒక కిటుకు ఉంది. అంతకుముందు ఏ నాయకుడు వచ్చినా ఊళ్లో ఒకరి ఇంట దిగాలి. ఆ ఇల్లు రెడ్డిదో, పెద్ద రైతుదో, ఒక వర్గానిదో అయ్యేది. ఎవరి అరుగెక్కితే వాళ్ల మనిషి అన్నట్టే. ఫ్యాక్షన్ నాటుకున్న కర్నూలు పల్లెల్లో ఈ లెక్క ప్రాణాల మీదికి వచ్చే లెక్క. రోడ్డు మీద ఆగిన వ్యాను ఎవరి అరుగూ ఎక్కలేదు. మాట ఇంకా మొదలుకాకముందే సగం చెప్పేసింది.

మిగతా సగం ఆయన వాడిన పిలుపుల్లో ఉంది. ఆయన తెలుగు కొంత గ్రాంథికం, కొంత నాటకం, కొంత కృష్ణా జిల్లా రైతు మాట. కాంగ్రెస్‌వాళ్లను ‘కుక్కమూతి పిందెలు’ అన్నప్పుడు చేను చూసిన ప్రతివాడికీ అర్థం వెంటనే తట్టింది. కానీ తిట్టు కంటే బంధుత్వమే బలంగా పనిచేసింది. రెడ్డి, దొర, అయ్య అని పిలవడం అలవాటైన నోళ్లు ఆయన్ని ‘అన్నా’ అన్నాయి. ఆయన ఆడవాళ్లను ‘ఆడపడుచులు’ అన్నారు. తెలుగింట ఈ రెండు మాటలూ ఒట్టి మర్యాదలు కావు. ఆడపడుచు అంటే పుట్టింట ఏదో ఒకటి రావలసిన మనిషి, అన్న అంటే ఇవ్వవలసినవాడు. వేదిక మీద ఆ మాట వాడిన ముఖ్యమంత్రి దాన్ని చట్టం దాకా తీసుకుపోయారు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ 1986లో వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దాంతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన భాగం దక్కింది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. చాలామంది అన్నదమ్ములు కట్నం ఇచ్చేశామన్న సాకుతో దాన్ని దాటేశారు కూడా. అయినా దేశమంతటికీ ఇలాంటి హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఒక సంబోధన ఆస్తిహక్కుగా మారిన సందర్భాలు మన రాజకీయాల్లో అరుదు. రామారావు వక్తృత్వానికి సాక్ష్యం అడిగితే చప్పట్ల కంటే ముందు చూపవలసింది దీన్నే.

1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాలకు తెలుగుదేశం రెండు వందలకు పైగా గెలిచింది. ఇది సినిమా మోజు అన్నవాళ్లకు తరువాతి చరిత్రే జవాబు. తమిళ తెరను ఏలిన శివాజీ గణేశన్ సొంత పార్టీ పెట్టి 1989లో తానే ఓడారు. తెలుగులో చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం 2009లో 18 స్థానాల దగ్గర ఆగింది. రామారావు కూడా అదే ముఖంతో, అదే గొంతుతో 1989లో అధికారం పోగొట్టుకున్నారు. హిందూపురంలో గెలిచినా కల్వకుర్తిలో చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడారు. మోజే కారణమైతే ఈ తేడాలు రావు. బియ్యమే కారణమన్న వాదం ఇంకొంచెం గట్టిది. కానీ రెండు రూపాయల హామీకి పోటీగా ఎన్నికల ముందే కోట్ల ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకే ఇస్తామంది. కోట్ల కర్నూలు జిల్లా మనిషి, పైగా అధికారంలో ఉన్న మనిషి. పది పైసలు తక్కువకు ఇస్తానన్నా జనం అటు పోలేదు. ధర చూసి ఓటేసే జనమైతే అటే పోవాలి. ఆ మాట ఎవరి నోట వచ్చింది, నెరవేర్చేవాడెవడు అన్నది చూశారు. 1989లో రెండు రూపాయల బియ్యం ఇంకా అందుతూనే ఉంది, అయినా ఓటమి తప్పలేదు.

అలాగని బియ్యాన్ని తేలిక చేయరాదు. కర్నూలు–కడప (కె.సి.) కాలువ కింద వరి విరివిగా పండే బండి ఆత్మకూరు, నంద్యాల పల్లెల్లో కూడా కూలి జనం తిన్నది చాలాకాలం జొన్న సంగటి, కొర్రన్నం. వరికూడు పండగపూట మాట. తాను నాటిన వరి తన కంచంలోకి రాకపోవడం పేదరికం ఒక్కటే కాదు, చిన్నతనం కూడా. రెండు రూపాయల బియ్యం ఆ చిన్నతనాన్ని చెరిపింది. జొన్న, కొర్ర చేల నుంచీ వంటింటి నుంచీ వెనక్కి పోయాయని, ఖజానా మీద భారం పెరిగిందని చెప్పే విమర్శల్లో పస ఉంది. మెట్ట పంటలకూ అదే ఆదరణ చూపి ఉంటే సీమకు మేలు జరిగేదన్న మాటను కాదనలేం. కానీ పూటకు తిండి లేనివాడికి బియ్యం ఇవ్వడాన్ని ఓట్ల కొనుగోలు అని పిలిస్తే, ఇప్పుడు దేశమంతటా ఉన్న ఆహార భద్రత చట్టాన్ని ఏమని పిలవాలి?

నేరుగా మాట్లాడిన గొంతు పాలనలో ఏ రూపం తీసుకుందో తెలియాలంటే 1984, 1985 సంవత్సరాలు చూడాలి. 1984 జనవరిలో ఒక ఆర్డినెన్సుతో గ్రామ మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. తరతరాలుగా కొన్ని ఇళ్ల చేతుల్లో ఉన్న పదవులవి. భూమి ఎవరిది, శిస్తు ఎంత, పంట ఏది అన్నవి కరణం దస్త్రంలో ఉండేవి, ఆ దస్త్రం కరణం ఇంట్లో ఉండేది. సుప్రీంకోర్టు కూడా 1985లో ఈ రద్దును సమర్థించింది. అదే ఏడాది తాలూకాలు పోయి 1,100కు పైగా మండలాలు వచ్చాయి. నంద్యాలకూ వెలుగోడుకూ నడుమ ఉన్న బండి ఆత్మకూరు అలా మండల కేంద్రమైంది. అంతకుముందు ఒక కుల ధ్రువపత్రానికో, అడంగల్ నకలుకో తాలూకా పట్టణానికి పోయి, రోజు కూలి పోగొట్టుకుని, గుమాస్తా కోసం చెట్టు కింద కూర్చోవలసి వచ్చేది. ఇక ఆ పని పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరే దూరంలోకి వచ్చింది. 1987లో మండలాధ్యక్షులను ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు, వెనుకబడిన తరగతులకూ మహిళలకూ స్థానాలు కేటాయించారు. కరణాలను తీసేసి వాళ్ల పని చేసేవాళ్లను సరిగ్గా పెట్టలేదని, గ్రామ రికార్డులు ఏళ్ల తరబడి చిక్కుపడ్డాయని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆ మాట నిజం, దాని ఫలితం నేటి భూతగాదాల్లో కూడా కనబడుతుంది. తొందర రామారావు స్వభావం. పాతదాన్ని ఒక్క సంతకంతో కొట్టేశారు, కొత్తదాన్ని అంత ఓపికగా కట్టలేదు. అయినా ఆయన తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ కరణాన్ని వెనక్కి తేలేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయినప్పుడు కూడా ఆ జిల్లాను కూర్చింది ఆ మండలాలతోనే.

నీటి సంగతి ఇంతకంటే లోతైనది. మద్రాసుకు 15 టీఎంసీల కృష్ణా నీరు ఇవ్వాలని, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవాలని 1976లోనే ఒప్పందమైంది. అప్పుడది పరాయి పట్నానికి తాగునీరు తీసుకుపోయే కాలువ మాత్రమే. దారిలో ఎండిన సీమ నేల చూస్తూ ఊరుకోవాలి. 1983లో రామారావు దానికి తెలుగుగంగ అని పేరు పెట్టి, కృష్ణా వరదనీటినీ పెన్నా నీటినీ కలుపుకొని కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో 5.75 లక్షల ఎకరాలకు సాగునీరు ఇచ్చే పథకంగా మార్చారు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర బయలుదేరిన నీరు బనకచర్ల చేరి, అక్కడి నుంచి వెలుగోడు జలాశయంలో నిండుతుంది. ఆ జలాశయం సామర్థ్యం సుమారు 17 టీఎంసీలు. దాని కింది కాలువ బండి ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు సాగి కడప జిల్లాలో బ్రహ్మంసాగర్ చేరుతుంది. పేరు మార్చడం వక్త చేసే పని, కాలువకు తూములు పెట్టించడం పాలకుడు చేసే పని. ఈ పథకంలో రెండూ కలిశాయి. సీమ ఉద్యమకారులు మాత్రం ఆనాడే అడిగారు: వరద వచ్చిన ఏడే నీళ్లయితే అది హక్కా, దయా? 1980ల మధ్యలో వాళ్లు చేసిన పాదయాత్రలు, ధర్నాలు ఈ ప్రశ్న మీదనే. నికర జలాల కేటాయింపు లేకుండా లక్షల ఎకరాల ఆయకట్టు ప్రకటించడం గొంతు చేసిన పని, లెక్క చేసిన పని కాదు. ఈ విమర్శకు రామారావు దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆయన ఆ పేరు పెట్టి ఆ తూములు గీయించి ఉండకపోతే, అడగడానికి ఆ కాలువ కూడా సీమది అయ్యేది కాదు.

ఈ ప్రాంతపు మౌఖిక సంప్రదాయంతో ఆయనకు మరో ముడి ఉంది. పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో అచ్చమ్మ పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కాలజ్ఞానం పుస్తకాల కంటే ఎక్కువగా పాడేవాళ్ల నోట, చెప్పేవాళ్ల నోట బతికింది. రామారావు తానే నిర్మించి, దర్శకత్వం వహించి, బ్రహ్మంగారి పాత్ర వేసిన చిత్రం 1984 చివర్లో విడుదలైంది. పదవిలో ఉన్న ముఖ్యమంత్రి కులాచారాలను తూలనాడే ఒక కంసాలి యోగిగా, దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా చేరదీసే గురువుగా తెర మీద కనబడటం భక్తి ప్రదర్శన అనుకుంటే సగమే అర్థమైనట్టు. రాబోయే కాలాన్ని ముందే చెప్పే గొంతుకు తెలుగు పల్లెలో ఒక స్థానం ఉంది. దాన్ని ఆయన ఎరిగి వాడుకున్నారు. కాషాయం కట్టిన ముఖ్యమంత్రిని చూసి పట్టణాలవాళ్లు నొసలు చిట్లించినా సీమ పల్లెలకు అది వింతగా తోచలేదు.

ఇంతవరకు చెప్పింది గెలుపు వైపు. ఈ వాదానికి అసలు పరీక్ష ఆళ్లగడ్డలో ఉంది. మునసబునూ కరణాన్నీ దాటేసిన గొంతు, శాసనసభ అభ్యర్థి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఇంటిపేర్ల మీదనే నిలబడింది. ఇక్కడ పోటీ గంగుల, భూమా కుటుంబాల మధ్యనే. తెలుగుదేశం భూమా వర్గంతో నడిచింది. 1989లో రాష్ట్రమంతటా పార్టీ 74 స్థానాలకు పడిపోయినా ఆళ్లగడ్డను భూమా శేఖరరెడ్డి గెలిచారు. ఆయన మరణంతో 1992లో జరిగిన ఉప ఎన్నికలో తమ్ముడు నాగిరెడ్డి గెలిచారు. ఆ గెలుపులు ఆ కుటుంబాల పలుకుబడివి కూడా, ఎన్టీఆర్ మాటవి మాత్రమే కావు. ఫ్యాక్షన్ ఉన్నచోట ఇంకేం చేయగలరని అడగవచ్చు. ఓటరుకు బూతు దాకా పోయే ధైర్యం ఇచ్చేది కూడా ఆ ఇళ్లేనని చెప్పవచ్చు. అందులో నిజం లేకపోలేదు. కానీ 1983లో ఇతర ప్రాంతాల్లో డాక్టర్లకు, లాయర్లకు, ఏనాడూ ఎన్నికల ముఖం చూడని యువకులకు, వెనుకబడిన కులాలవారికి టికెట్లు ఇచ్చిన మనిషే ఆ సాహసాన్ని పార్టీ నిర్మాణంగా మార్చలేదు. మండల కచేరీకి ఇచ్చిన శ్రద్ధ మండల పార్టీకి ఇవ్వలేదు. జనానికీ తనకూ మధ్య ఎవరూ వద్దనుకున్నారు. ఆ ఖాళీ ఖాళీగా ఉండదు కదా, ఉన్నవాళ్లే వచ్చి కూర్చున్నారు.

దాని ధర 1995లో తెలిసింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తొలగించి ఆయన మంత్రివర్గంలోని నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు, గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన రామారావు శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలిచారు. ఊళ్లు రోడ్ల మీదికి వచ్చాయి. కొత్త గవర్నరుగా శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న పదవి తిరిగొచ్చింది. 1985 మార్చి ఎన్నికల్లో పార్టీ 202 స్థానాలు గెలిచింది. పదకొండేళ్ల తరువాత పోరు సొంత ఇంట్లో వచ్చింది. 1994 డిసెంబరులో 216 స్థానాలతో గెలిచి, ప్రమాణ స్వీకార వేదిక మీదనే మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేసిన నాయకుడిని తొమ్మిది నెలల్లో తన సభ్యులే కాదన్నారు. అదే చైతన్యరథం మీద, తిరగబడిన సభ్యులు దిగిన వైస్రాయ్ హోటల్ ముందుకు వచ్చి మైకులో పిలిచినా లోపలివాళ్లు కదలలేదు. 1995 సెప్టెంబరు 1న ఆయన అల్లుడు చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. గొంతు తగ్గిందా? తొమ్మిది నెలల ముందే రాష్ట్రమంతా ఊపిన గొంతది. జనానికి చెప్పవలసిన మాట జనానికి చేరుతుంది, మధ్యలో ఉన్నవాడికి ఆ మాటతో పని లేదు. ఆయన భార్య లక్ష్మీపార్వతి జోక్యం కారణమని ఒక వర్గం, కుట్ర కారణమని ఇంకో వర్గం ఈనాటికీ వాదించుకుంటున్నాయి. రెండింటికీ చోటు ఇచ్చినది మాత్రం నాయకుడికీ ఓటరుకూ మధ్య కట్టని ఆ మెట్టే.

ఆయన రాజకీయ జీవితంలో నంద్యాలకు దక్కిన ఘట్టం మాత్రం ఒక మౌనం. 1991 జూన్ 21న ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అప్పటికి పార్లమెంటు సభ్యులు కారు. నంద్యాల సభ్యుడు గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి స్థానం ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు, మనం పోటీ పెట్టం అని రామారావు నిర్ణయించారు. ఢిల్లీ పెత్తనాన్ని ఎదిరించి, ‘కేంద్రం మిథ్య’ అని, జాతీయ ఫ్రంటుకు అధ్యక్షత వహించిన మనిషి ఢిల్లీ గద్దె మీది కాంగ్రెస్ ప్రధానికి దారి విడవడం కొందరికి అయోమయంగా తోచింది. ఓడేచోట పోటీ మానుకోవడం త్యాగమెలా అవుతుందని కొందరన్నారు. 1989లోనూ 1991లోనూ అక్కడ కాంగ్రెస్సే గెలిచిన మాట వాస్తవం. అయితే 1984లో అదే నంద్యాల నుంచి తెలుగుదేశం అభ్యర్థి మద్దూరు సుబ్బారెడ్డి పార్లమెంటుకు వెళ్లారు, కనుక గెలుపు ఎరగని నేల కాదది. పైగా పోటీ పెట్టి ఓడినా పార్టీకి పోయేదేమీ లేదు, ఆధిక్యం తగ్గించినా లాభమే. తొమ్మిదేళ్లుగా ఆత్మగౌరవం అని చెప్పినవాడు ఆ మాట ప్రత్యర్థికి పనికొచ్చే రోజున కూడా దాన్ని వెనక్కి తీసుకోలేదు. మాటకు విలువ అక్కడ తేలుతుంది. పి.వి. బహుభాషా పండితుడే గాని జనసభలను ఊపే వక్త కాదు. ఆ నవంబరులో బీజేపీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్ మీద ఆయనకు వచ్చిన ఆధిక్యం 5,80,000 ఓట్లు దాటింది. అది ఆనాటికి రికార్డు.

1996 ఎన్నికల్లో అదే నంద్యాలలో పి.వి. మీద తెలుగుదేశం తరఫున భూమా నాగిరెడ్డి నిలబడ్డారు. పి.వి. గెలిచారు గాని ఆధిక్యం లక్షకు లోపే ఆగింది. ఆయన ఒడిశాలోని బరంపురాన్ని ఉంచుకుని నంద్యాలను వదులుకున్నారు. ఉప ఎన్నికలో నాగిరెడ్డి గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. పి.వి. మీద అభ్యర్థిని నిలబెట్టే నాటికి రామారావు చనిపోయి నాలుగు నెలలు కూడా నిండలేదు.